వేలెడు సందు

పాండురంగారావుకి ఒకచోట కుదురుగా కూర్చునే యోగం లేదని ఆయన భార్య పుష్పావతి పెళ్ళైన కొత్తలోనే తేల్చేసింది. నూజివీడులో మామిడికాయల వ్యాపారం చేసే మనిషి చూపు కాయల మీద ఉండాలి గదా. ఈయన చూపు ఎప్పుడూ ఆకాశం మీదే. పోనీ నాలుగు రకాల పిట్టల్ని చూసి సంతోషించే రకమా అంటే, అదీ కాదు. ఒకే ఒక్క పిట్ట కోసం ప్రాణం పెట్టేవాడు. బూడిదరంగు ఒళ్ళు, పొడుగాటి తోక, కొడవలిలా వంగిన పెద్ద ముక్కు, దాని మీద బుల్లి కొమ్ము. చూసినవాళ్ళు దాన్ని కొడవలిముక్కు అనేవారు. చూడనివాళ్ళు శెట్టిగారి పిచ్చి అనేవారు.

ఆ పిచ్చి ఎక్కించినవాడు సవరయ్య. చింతలపూడి అవతల అడవిలో చాలాకాలం వాచరుగా చేసి, ముసలితనంలో నూజివీడు చేరాడు. ఒకరోజు అంగడి అరుగు మీద కూర్చుని మాటల్లో మాటగా చెప్పాడు.

"ఆ పిట్టలో ఆడది గుడ్లు పెట్టేముందు చెట్టుతొర్రలో దూరి, లోపల్నించి వాకిలి పూడ్చేసుకుంటదండి. ఈకలు కూడా రాల్చేసుకుంటది, ఇక ఎగరలేదు. వేలెడు సందు మాత్రం వదులుకుంటది. మగాడు ఆ సందులోంచే తిండి పెట్టాలి. పిల్లలు కాస్త ఎదిగిందాకా అంతేనండి."

"నువ్వు చూశావా?"

"ఒక్కసారి. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఒకే ఒక్కసారి."

అంతే, పాండురంగారావుకి నిద్రాహారాలు కరువయ్యాయి. మూడు వేసవులు వెతికాడు. విస్సన్నపేట వైపు గుట్టలన్నీ ఎక్కాడు, ముళ్ళు గుచ్చుకున్నాయి, ఒకసారి బండమీద నుంచి జారి మోకాలు చీల్చుకున్నాడు. బజారులో కనపడితే చాలు, "ఏం శెట్టిగారూ, పిట్ట వాకిలి తీసిందా?" అని అడిగేవారు. ఆ గూడు ఒక్కసారి కళ్ళారా చూస్తే చాలు, ఆ తర్వాత బుద్ధిగా అంగడిలో కూర్చుంటానని భార్యకి మాటిచ్చాడు. ఆవిడ నమ్మలేదు. నమ్మకపోవడమే మంచిదైంది.

పంతొమ్మిదివందల నలభై తొమ్మిది వేసవికి ముసునూరులో బసవమ్మగారి తోట మూడేళ్ళ కౌలుకి తీసుకున్నాడు. ఆవిడ గట్టి మనిషి. చెట్లన్నీ వాళ్ళ మామగారి చేతి మీద నాటినవి. తొలకరి వానకి తొర్రల్లోకి నీళ్ళు దిగి మొదళ్ళు కుళ్ళకుండా, ఏటా జిగటమన్నూ పేడా కలిపి పూడ్పించాలని ముందే షరతు పెట్టింది. సరేనన్నాడు.

ఆ సోమవారం కోతకి తోటకెళ్ళాడు. ముందురోజు గాలిదుమారానికి బంగినపల్లి కాయలు బండెడు రాలాయి, మనసంతా చికాగ్గా ఉంది. ఒక కాలు తోటలో, ఒక కాలు సైకిలు మీద. నాలుగో వరసలో ముసలి చిన్నరసం చెట్టు దగ్గర తలెత్తి చూస్తే, రెండు నిలువుల ఎత్తున తొర్రకి వేసిన పూత, దాని మధ్య నిలువుగా ఒక పగులు కనిపించాయి.

"అదేంటి సాంబయ్యా? నిరుడు ఇక్కడ పనిచేసిన రాయప్ప పూడ్చిన తొర్ర కాబోలు, అప్పుడే బీటలిచ్చింది. వాన పడితే నీళ్ళన్నీ లోపలే. పూడ్చెయ్ దాన్ని."

"అట్టాగేనండి," అన్నాడు సాంబయ్య. ఆ తోటలో చెట్లు చూసుకునే మనిషి అతను. పాండురంగారావు పడమటి గుట్టల వంక ఒకసారి ఆశగా చూసి వెళ్ళిపోయాడు.

బుధవారం పదిగంటలవేళ సాంబయ్య కాయల బండితో నూజివీడు వచ్చాడు. అంగడి వెనక గంపల్లో వరిగడ్డి పరిచి కాయలు సర్దుతున్నారు. పాండురంగారావు గంపకీ గంపకీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

"శెట్టిగారూ, ఆ చిన్నరసం తొర్ర పూడ్చానండి," అన్నాడు సాంబయ్య, ఒంటికంటిన గడ్డి దులుపుకుంటూ. "కానీ అది రాయప్ప పని కాదండి. వాడి పని నాకు తెలవదా? అసలది మన్నే కాదు. కంపు! పిట్టరెట్టలాగుంది. నిండా మేడిగింజలు."

పాండురంగారావు చేతిలో కాయ గంపలో పడలేదు, కింద పడింది.

"ఇంకా?"

"ఇంకేముందండి. మన్ను మెత్తుతుంటే లోపల గరగరా చప్పుడైంది. పామేమోనని హడిలిపోయి ఇంకో రెండు ముద్దలు గట్టిగా దట్టించాను."

పాండురంగారావుకి అప్పుడు అర్థమైంది. మూడేళ్ళుగా ఏ గూడు కోసం ఊళ్ళు పట్టి తిరిగాడో, దాని కిందే నిలబడ్డాడు. తలెత్తి చూశాడు కూడా. చూసి, దాని నోరు మూసెయ్యమని తన వేలితోనే చూపించాడు. రెండు రోజులైంది. లోపల ఈకల్లేని తల్లి, దాని కడుపు కింద పిల్లలు. ఊపిరైనా ఆడుతోందో లేదో.

"ఎక్కు!" అన్నాడు సైకిలు తీసి.

"ఎక్కడికండి?"

"ఎక్కమంటే ఎక్కవయ్యా!"

"ఏవండీ, బండి తోలించాలి, అన్నం వేళవుతోంది," అంటూ పుష్పావతి గుమ్మంలోకి వచ్చేసరికి సైకిలు సందు మలుపు తిరిగింది. శెట్టిగారు తొక్కుతుంటే వెనక క్యారియర్ మీద పాలేరు కూర్చుని పోవడం నూజివీడు జనం అంతకుముందు చూడలేదు. సాంబయ్య సిగ్గుతో చచ్చిపోతున్నాడు. "నన్ను తొక్కనివ్వండి బాబూ, నలుగురూ చూస్తున్నారు" అని బతిమాలాడు. పాండురంగారావుకి ఏమీ వినపడలేదు. వడగాలి మొహాన కొడుతోంది. గతుకులో చక్రం దిగినప్పుడల్లా, నేను చంపాను, నేనే చంపాను అనుకుంటున్నాడు. దారిలో ఒక్కచోట ఆగి మంచినీళ్ళు తాగుదామన్న ధ్యాస కూడా లేదు.

చెట్టు దగ్గరికి చేరేసరికి కొమ్మల్లోంచి ఒక బూడిదరంగు పిట్ట కీచుమని అరుస్తూ లేచి వాగు వైపు పోయింది. చెట్టు మొదట్లో నేల మీద మేడిపళ్ళు పడున్నాయి. పదో, పన్నెండో. కొన్ని వాడిపోయాయి, కొన్నిటికి చీమలు పట్టాయి. ఆ చుట్టుపక్కల మేడిచెట్టు లేదు, వాగు దాటితే గానీ ఉండదు. రెండు రోజులుగా మగపిట్ట అంత దూరం నుంచి తెచ్చి తెచ్చి, సందు దొరక్క, జారవిడిచిన పళ్ళవి. పాండురంగారావు అక్కడే కూలబడ్డాడు. సాంబయ్యకి అప్పటికి విషయం బోధపడి, తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు.

"తెలవక చేశానండి."

"నువ్వు చెయ్యలేదు, నేను చేయించాను. నిచ్చెన పట్రా."

మన్ను ఎండకి రాయిలా బిగుసుకుపోయింది. కొడితే అదురుకి లోపల పిల్లలేమవుతాయోనని, గుడ్డ తడిపి అద్ది, నానిన కొద్దీ కొడవలి మొనతో గీకాడు సాంబయ్య. కింద నిచ్చెన పట్టుకున్న పాండురంగారావు, "మెల్లగా, మెల్లగా" అంటూనే "త్వరగా కానియ్" అంటున్నాడు. గంట పట్టింది. చివరికి పాత పూతలో పాత సందు బయటపడింది, వేలెడంత, నల్లగా.

పాండురంగారావు నిచ్చెనెక్కి చెవి ఆనించాడు. చప్పుడు లేదు. వెచ్చటి కంపు తప్ప ఇంకేమీ లేదు. "ఏమ్మా" అని పిలిచాడు, పిట్టని మనిషి పిలిచినట్టు. అయినా చప్పుడు లేదు.

సాంబయ్య కింది నుంచి ఉలి అందించాడు. "పగలగొట్టి చూద్దామండి. బతికుంటే తెలుస్తది, పోతే పోయిందని తెలుస్తది. ఏదీ తెలవకుండా ఎంతసేపండి?"

ఉలి చేతిలో ఉంది. బెత్తెడు పూత అవతల, సవరయ్య ముప్పై ఏళ్ళలో ఒకేసారి చూసిన వింత. నాలుగు దెబ్బలు వేస్తే చాలు. చూడాలన్న ఆశ ఒక పక్క, చంపానేమోనన్న భయం ఇంకో పక్క, రెండూ కలిసి కొట్టమనే చెబుతున్నాయి. పాండురంగారావు ఉలి మొన పూత అంచున పెట్టాడు కూడా. కానీ బతికే ఉంటే? ఎగరలేని తల్లి, వాకిలి లేని గూడు, చుట్టూ కాకులు. ఇన్నేళ్ళలో ఆయన కాలు ఒక్కచోట నిలిచిందంటే ఆ నిచ్చెన మీదే.

ఉలి సాంబయ్యకి ఇచ్చేసి దిగాడు.

"మనం ఉంటే మగాడు రాడు. పద. ఈ వరసలో కోత ఆపించు. ఎవరూ ఇటు రాకూడదు."

"కాయ పండిపోయిందండి, రెండ్రోజులాగితే..."

"రాలిపోనీ."

పోయేముందు వంగి, నేల మీది మేడిపళ్ళన్నీ ఒక్కొక్కటే ఏరి పంచె చెంగులో పోసుకున్నాడు. ఆకులు కూడా చేత్తో ఊడ్చాడు.

రెండు వందల అడుగులు నడిచి కాలవగట్టు అవతల కూర్చున్నారు. అక్కడికి చెట్టు మొదలు కనపడదు, పై కొమ్మలు మాత్రమే. పాండురంగారావు కూర్చున్నాడు, లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు. సాంబయ్య బీడీ ముట్టించబోతే పొగ పిట్టకి గిట్టదేమోనని పీకి పారేశాడు. ఎండ నడినెత్తి నుంచి పక్కకి జరిగింది. తోటలో ఏదో కాయ రాలిన చప్పుడికి ఉలిక్కిపడ్డాడు. "రాదు," అన్నాడు. "విసిగిపోయి ఉంటుంది. రెండు రోజులు మూసిన తలుపు దగ్గర తిరిగి తిరిగి ఎవరైనా మానేస్తారు."

"వచ్చిందండి," అన్నాడు సాంబయ్య.

నెత్తి మీదుగానే పోయింది. రెక్కలు నాలుగు కొట్టుళ్ళు కొట్టి, కాస్త జారి, మళ్ళీ కొడుతూ. ముక్కు చివర ఎర్రగా ఒక పండు. చిన్నరసం కొమ్మల్లో దూరింది. కాసేపటికి కొమ్మ ఊగింది, పిట్ట బయటికొచ్చి వచ్చిన దారినే వాగు వైపు పోయింది. ముక్కున పండు లేదు.

"పెట్టేసిందండి!"

"ఈ రెండ్రోజులూ జారవిడిచినట్టే ఇదీ జారవిడిచిందేమో," అని పాండురంగారావు లేచాడు. మునివేళ్ళ మీద నడిచి చెట్టు దగ్గరికి వెళ్ళాడు. ఆయన పైకి చూడలేదు. సందు వంక తలెత్తితే ఎక్కడ ఉలి అడుగుతానోనని తన మీద తనకే నమ్మకం లేదు. నేల వంకే చూశాడు. చుట్టూ ఒక తిరుగు తిరిగాడు, మోకాళ్ళ మీద కూర్చుని చెట్టు వేళ్ళ సందులు తడిమాడు, పక్క చెట్టు నీడలో కూడా వెతికాడు. తను ఊడ్చిన నేల ఊడ్చినట్టే ఉంది. ఒక్క పండు లేదు.

గట్టు దగ్గరికి తిరిగొచ్చేసరికి ఆయన కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. సాంబయ్య కంగారుగా ఎదురొచ్చాడు.

"ఏమైందండి? చూశారా?"

"చూడలేదు," అన్నాడు పాండురంగారావు. "తింటోంది, సాంబయ్యా. లోపల తింటోంది."