పావు నిండిన లారీ

సరిహద్దు గేటు దగ్గరి గ్యాస్ స్టేషన్లో ఆమె పని చూడటానికి చాలా చిన్నది. అవతలి దేశం నుంచి హైడ్రోజన్ లారీ వస్తుంది. ఆ గ్యాస్ ఎండ కరెంటుతో తయారైందో, బొగ్గు కరెంటుతో తయారైందో ఆమె తేలుస్తుంది. ఎండదైతే ఆకుపచ్చ సీలు వేస్తుంది. అంతే. కానీ ఆ సీలు కోసం మూడు దేశాలు ఏళ్ల తరబడి మాట్లాడుకున్నాయి. ఒకరికి ఎండ ఉంది, ఒకరికి ఫ్యాక్టరీలున్నాయి, మూడో వాళ్లకి రేవు ఉంది. ఒకరి సీలు ఇంకొకరు నమ్మితేనే ముగ్గురికీ వ్యాపారం.

మొదటి లారీ ఆ రోజే వస్తోంది. దాన్ని పంపుతున్న ప్లాంటుకి ఫోర్‌మన్ ఆమె మామగారు.

పెళ్లయి ఎన్నాళ్లో కాలేదు. భర్త అవతలి దేశం వాడు, ఈ స్టేషన్లోనే గొట్టాలు బిగించే ఫిట్టరు. ఈమధ్య ఆమెకి ఏది చూసినా ముద్దొస్తోంది. ఒకే గ్లాసులో రెండు బ్రష్షులు. తలుపు వెనక తన చున్నీ మీద అతని చొక్కా. ఆ పొద్దున అతను చక్కెర డబ్బా అడుగున ఉన్నదంతా ఆమె కప్పులో వేసేసి, తన చప్పటి టీని మొహం మారకుండా తాగేశాడు. అది తలుచుకుని దారంతా నవ్వుకుంటూ వచ్చింది.

"అత్తింటి లారీ వస్తోందట! తనిఖీ ఉంటుందా, దండం పెట్టి పంపించేస్తారా?" అన్నాడు గేటు కాపలాదారు.

"దండం ఇంట్లో పెడతాలే," అంది.

లారీ రానే వచ్చింది. డ్రైవరు పక్కనుంచి మామగారు ఇస్త్రీ చొక్కాలో దిగారు. మొదటి లారీని చూడటానికి వచ్చిన రేవు దేశపు అధికారి ఎదురెళ్లి చెయ్యి కలిపాడు.

"చూడమ్మాయ్, ముల్లు!" అని మామగారు మీటరు చూపించారు. ముల్లు చివరికంటా వెళ్లి ఆగింది.

"ఇంత నిండిందా మామయ్యా? మీ వైపు మబ్బులన్నారుగా?"

"మబ్బులే. ఎండతో పావు కూడా నిండలేదు. కోడలున్న చోటికి మొదటిసారి పంపుతూ డొల్ల లారీ పంపుతానా? మిగతాది ఊరి కరెంటు పెట్టి నింపించేశాను. మా కుర్రాళ్లు చప్పట్లు కొట్టారు తెలుసా!"

ఆయన ఏమీ దాచలేదు. దాచాల్సింది ఉందని తట్టితే కదా! ఆ ప్లాంటు నుంచి ఏనాడూ సగం లారీ గేటు దాటలేదు. ఎవరికైనా సరే, నింపి పంపడమే వాళ్లకి మర్యాద. ఊరి కరెంటు బొగ్గుదని ఆయనకి తెలుసు. ఆ రంగుల గొడవ ఆఫీసుల వాళ్లదనుకున్నారు.

రేవు అధికారి చెవిలోనూ ఈ మాట పడింది. "మొదటిసారి కదమ్మా, పోనివ్వండి. బయట కెమెరాల వాళ్లున్నారు," అన్నాడు మెల్లగా.

సీలు వేస్తే ఇల్లంతా సంబరమే. వేయకపోతే మూడు దేశాల ముందు మామగారి తల దిగుతుంది. దించింది కోడలేనని ఆ ఇంట్లో ఎప్పటికీ చెప్పుకుంటారు. ఆమె భర్త వైపు చూసింది. అతను పానా పట్టుకుని నిలబడ్డాడు.

"ఏమంటావు?"

"గొట్టాలు బిగించేవాణ్ణి, రంగులు నాకేం తెలుసు?" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "నువ్వు వేయవని తెలుసు. వెళ్లి చెప్పు. నేను నాన్న పక్కన ఉంటాను," అన్నాడు.

ఆమె వెళ్లి చెప్పింది. మామగారికి మొదట అర్థం కాలేదు.

"పావు ఎండదేగా! ఆ పావుకే వేసెయ్."

"కలిసిపోయాక ఏది ఏదో ఎవరు చెప్తారు మామయ్యా? ఒప్పందంలో లారీ మొత్తానికి ఒకటే రంగు."

"ఇంట్లో మామయ్యా, మామయ్యా అంటూ వెనకాలే తిరుగుతావు. ఇక్కడికొస్తే నా లారీకే అడ్డం పడతావా?"

"మామయ్య లారీ అని కోడలు వేసేసిందంటే ఇక ఈ సీలుని ఎవరు నమ్ముతారు?"

రేవు అధికారి కెమెరాల వాళ్లని పంపించేయడానికి వెళ్లాడు. లారీ మామూలు గ్యాస్ కింద గాజు ఫ్యాక్టరీకి పోయింది. తిరిగి వెళ్లడానికి బండి లేక మామగారు కొడుకు ఇంట్లోనే దిగారు.

భోజనాల దగ్గర ఆయన మాటలన్నీ కొడుకుతోనే.

"మీ ఆఫీసరమ్మని అడుగు. కూర వడ్డించుకోవచ్చా, దానికీ సీలు కావాలా?"

ఆమె పెదవి కొరుక్కుంది. ఆగలేదు, పక్కున నవ్వేసింది.

"నవ్వకు!" అన్నారు ఆయన, కోడలితో మాట్లాడకూడదన్న సంగతి మర్చిపోయి. అన్నాక ఇంక చేసేదేముంది? "డొల్లగా తెస్తే తీసుకుంటావా?"

"అడుగున కాస్త ఉన్నా తీసుకుంటాను."

"జనం నవ్వుతారు."

"నవ్వుతారు మామయ్యా," అంది ఆమె.

మరుసటి వారం ఆయన మళ్లీ వచ్చారు. ముల్లు పావు దగ్గరే ఆగింది.

"ఏంటి సార్, దారిలో కారిపోయిందా?" అన్నాడు గేటు కాపలాదారు.

"వెళ్లి ఆకాశాన్ని అడుగు!" అని కసిరారు.

ఆమె కంప్యూటర్లో ప్లాంటు మీటరు లెక్కలు తెరిచి గంట గంటకీ ఎండెంతో, గ్యాసెంతో సరిచూసింది. మామగారు పక్కనే నిలబడి మూడుసార్లు దగ్గారు. ఆమె తొందరపడలేదు. అంతా సరిపోయాక సీలు వేసింది. లారీ రేవు దారి పట్టింది.

అది మలుపు తిరిగేదాకా మామగారు అలాగే చూస్తూ నిలబడ్డారు.

"నువ్వేమన్నా చెప్పు," అన్నారు, "అంత ఖాళీ లారీ పంపినందుకు నాకింకా సిగ్గుగానే ఉంది."