వాన నీళ్లు పోయే దారి

చంపాపేట్ దాటి బడంగ్‌పేట్ వెళ్లే దారిలో, ఒక చిన్న కాలనీ చివరి గల్లీలో యాదలక్ష్మి ఇల్లు. ముందుగదిలో మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. ఇంటి వెనక ప్రహరీ అవతల రెండెకరాల ఖాళీ జాగా. ఫిబ్రవరిలో ఒకరోజు అక్కడ పెద్ద బోర్డు లేచింది. గోడకు గోడ ఆనించి ముప్పై రెండు టౌన్‌హౌస్‌లు కడతారట. మర్నాటి నుంచే టిప్పర్లు మట్టి తెచ్చి పోయసాగాయి.

కాలనీలో ఎవరి దిగులు వాళ్లది. బోర్లు ఎండిపోతాయని కొందరు, ఉన్న సన్న డ్రైనేజీ పైపు పొంగుతుందని కొందరు. యాదలక్ష్మి భయం మాత్రం వాన గురించే. 2020 అక్టోబర్ వానకు ఇంట్లోకి నడుము లోతు నీళ్లు వచ్చాయి. కాలు కదపలేని అత్త సుమిత్రమ్మను నవారు మంచంతో సహా ఎత్తి ఎదురింటి మేడ మీదికి చేర్చారు. చివరికి ఆ నీళ్లు దిగిపోయింది ఖాళీ జాగాలోని కాలువ గుండానే. ఇప్పుడీ టిప్పర్ల మట్టితో ఆ కాలువ సగం పూడిపోయింది.

ఎదురింటి విశ్వేశ్వరరావు రిటైరైన లెక్చరరు. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇరవై ఏళ్లుగా ఇక్కడే ఉంటున్నాడు. మున్సిపాలిటీకి అర్జీ రాసి, ఇంటింటికీ తిరిగి సంతకాలు అడిగాడు. యాదలక్ష్మి పెన్ను చేతిలోకి తీసుకుని ఆగిపోయింది. ఆమె భర్త లింగస్వామి తాపీమేస్త్రీ. నాలుగు నెలలుగా సరైన పని లేక కూలీల అడ్డా మీద నిలబడుతున్నాడు. ఆ ఇళ్ల గోడల పని అతనికే ఇస్తామని బిల్డర్ మనుషులు మాటిచ్చారు. తర్వాత చెప్తానని పెన్ను తిరిగి ఇచ్చేసింది.

"నువ్వు సంతకం పెడితె నాకు పనెవడిస్తడు?" అన్నాడు లింగస్వామి, అన్నం ముందు కూర్చుని.

"మల్ల నీళ్లొస్తె అత్తమ్మను ఎట్ల లేపుతం? అప్పుడు నలుగురు పట్టిన్రు. ఇప్పుడు నీ నడుం సుత మంచిగ లేదు."

ఆ వారమంతా ఆమెకు కుట్టు మీద ధ్యాస నిలవలేదు. ఒక జాకెట్ చేతులు తారుమారుగా కుట్టి, విప్పి మళ్లీ కుట్టింది. టిప్పర్ చప్పుడైతే చాలు, లేచి వెనక్కి పోయి చూసేది.

ఆదివారం బిల్డర్ తరఫు ఇంజనీరు నరేష్‌కుమార్ కమ్యూనిటీ హాల్లో కాలనీవాళ్లకు ఇళ్ల ప్లాను గీసిన నక్షా చూపించాడు. చెట్లు, పార్కు, పెద్ద గేటు అన్నీ అందులో ఉన్నాయి. యాదలక్ష్మి ముందుకెళ్లి నక్షా అంతా వెతికింది. వెనక వరసలో భర్త కూర్చున్నాడని తెలుసు. అయినా అడిగింది.

"సారూ, మా గోడెనక కాలువ ఇందుల యాడుంది?"

అది రికార్డుల్లో లేదనీ, ఉత్త మట్టి కోత అనీ చెప్పాడతను. తమ జాగా కాలనీ కంటే పల్లమే కాబట్టి నీళ్లు ఎప్పటిలాగే అటు దిగుతాయన్నాడు. కొందరు తలలూపారు. యాదలక్ష్మి నక్షా ముందు నుంచి కదల్లేదు.

వెనక కుర్చీ జరిగింది. లింగస్వామి లేచి నిలబడ్డాడు.

"పల్లం ఇంతకుముందు, సారూ. పని చూపిస్తమని మొన్న పిలిస్తె పొయ్యి నీళ్ల పైపు పెట్టి లెవల్ చూసిన. మా గల్లీ కంటె మూడు ఫీట్లు మీదికొచ్చింది మీ మట్టి. నీళ్లు ఇగ మా ఇండ్లల్లకే తిరుగుతయి."

లెవల్స్ మళ్లీ చూస్తామంటూ నరేష్‌కుమార్ నక్షా చుట్టేశాడు. లింగస్వామి తిన్నగా విశ్వేశ్వరరావు దగ్గరికి పోయి ఎక్కడ పెట్టాలో అడిగి అర్జీ మీద సంతకం చేశాడు. ఆ కిందే యాదలక్ష్మి చేసింది.

నెల తిరగకముందే అధికారులు వచ్చి కొలిచారు. ఎక్కువ పోసిన మట్టి తీసేయాలనీ, కాలువకు దారి వదలాలనీ చెప్పి వెళ్లారు. ఇళ్లు ఇరవై ఎనిమిదికి తగ్గాయి. కాలువ తవ్వారు గానీ, పెద్ద వానకు అది సరిపోతుందో లేదో ఎవరూ చెప్పలేకపోయారు. గోడల పనికి వేరే మేస్త్రీ వచ్చాడు. లింగస్వామి రెండు బస్సులు మారి బాలాపూర్ అవతలికి పనికి పోతున్నాడు.

జూన్‌లో ఒక మధ్యాహ్నం ఆకాశం నల్లబడింది. యాదలక్ష్మి మిషన్ ఆపి, ఆధార్ కార్డులూ అత్త మందులూ కవర్లో చుట్టి అల్మారీ పైన పెట్టింది. వాన దంచికొట్టింది. గొడుగు పట్టుకుని ప్రహరీ దగ్గర నిలబడింది. ఎర్రటి నీళ్లు కాలువలో ఒడ్డుకు జానెడు కిందిదాకా వచ్చి, అదే మట్టంలో సుడి తిరుగుతూ పారుతున్నాయి.

ఫోన్ మోగింది. లింగస్వామి.

"నీళ్లు పోతున్నయా?"

"పోతున్నయ్," అంది ఆమె, కళ్లు కాలువ మీది నుంచి తిప్పకుండా. "వాన ఇంక తగ్గలే. నువ్వు జల్ది రా."