డ్రైవర్ లేకుండా నడిచిన డిస్కు

ఆఫీసు ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితాన్ని ఒకసారి పీకిన పుణ్యానికి ఆయనకు కంప్యూటర్లు తెలుసన్న పేరు వచ్చింది. అన్నగారి పిల్లలు ‘కంప్యూటర్ బాబాయ్’ అన్నారు. అయినవాళ్లంతా అదే ఖాయం చేశారు. ఊరికే వచ్చిన పేరును ఎవరు మాత్రం కాలదన్నుకుంటారు? బాబాయ్ కూడా కాదనలేదు.

వదినకు ఎంబ్రాయిడరీ దుకాణం ఉంది. అందులోని మెషిన్ పాత కంప్యూటర్ మాట తప్ప ఇంకెవరి మాటా వినదు. ఆ కంప్యూటర్‌లోని హార్డ్ డిస్క్ కొన్నాళ్లు కరకరలాడి చివరికి కన్ను మూసింది. కబురు అందగానే బాబాయ్ కొత్త డిస్కు, స్క్రూడ్రైవర్ పట్టుకుని పెళ్లివారి వంటమేస్త్రీలా దిగాడు. డిస్కు బిగించి విండోస్ ఎక్కించే సీడీ పెడితే, ‘ఇందులో హార్డ్ డిస్క్ ఏదీ లేదు’ అంది తెర.

“ఎదురుగా పెట్టుకుని లేదంటుందేమయ్యా?” అంది వదిన.

బాబాయ్ డిస్కు అమ్మినతనికి ఫోన్ చేశాడు. డిస్కును చూసుకునే కంట్రోలర్‌కు డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రామ్ కావాలనీ, దాన్ని ఫ్లాపీలో పెట్టి మొదట్లోనే ఎఫ్ సిక్స్ మీట నొక్కాలనీ అతను చెప్పాడు.

“డ్రైవర్ లేడట వదినా. అందుకే కదలట్లేదు.”

“ఆ మాట ముందే చెప్పొద్దూ? మా తమ్ముడు బస్సు నడుపుతాడు, పిలవనా?”

“ఆ డ్రైవర్ కాదండీ. ఇది వేరే.”

ఫ్లాపీ కోసం తన ఇల్లంతా గాలిస్తే ఒకటి బీరువా కాలు కింద దొరికింది. బీరువా కాస్త ఒరిగితే భార్య అట్టముక్క దోపింది. ఆఫీసులో డ్రైవర్ ఎక్కించుకుని దుకాణానికి తిరిగొచ్చి ఎఫ్ సిక్స్ నొక్కాడు. నొక్కాడో లేదో తెలియక మళ్లీ నొక్కాడు. పిలుపుగంట నొక్కినట్టు నొక్కుతూనే ఉన్నాడు. ఎట్టకేలకు తెర మీద కొన్ని కంట్రోలర్ల పేర్లు వచ్చాయి. ఏది తమదో చెప్పే దిక్కు లేదు. పేరు పొడుగ్గా ఉంటే పని కూడా గట్టిగా చేస్తుందని అన్నిటికంటే పొడుగాటిది ఎంచాడు. తెర నీలంగా మారి నిలబడిపోయింది. మళ్లీ మొదటికి. ఇంకో పేరు, ఇంకో నీలం. పేర్లన్నీ అయిపోయాయి.

“వదినా, కాస్త టీ పెట్టరూ?”

ఆమె లోపలికి వెళ్లగానే బాబాయ్ కుర్చీలో కూలబడ్డాడు. తనకు ఏమీ తెలియదన్న సంగతి తనకు తెలుసు. ఇన్నాళ్లూ ఇంకెవరికీ తెలియకుండా నెట్టుకొచ్చాడు. ఏదో ఒకటి చేస్తున్నట్టు కనపడకపోతే పరువు దక్కదు. లోపల బోర్డు మీద బిళ్ల లాంటి బ్యాటరీ ఒకటి కనిపిస్తే పీకాడు, పంచెతో తుడిచాడు, మళ్లీ పెట్టాడు. వదిన టీతో గుమ్మంలోకి వస్తుండగా కంప్యూటర్ ఆన్ చేసి, అలసటలో ఎఫ్ సిక్స్ మరిచిపోయాడు. ఈసారి డిస్కు కనిపించింది.

జరిగింది ఇంతే. బోర్డులో డిస్కును నడిపే పద్ధతులు రెండున్నాయి. కొత్త పద్ధతికి డ్రైవర్ కావాలి, పాతదానికి అక్కర్లేదు. బ్యాటరీ పీకేసరికి బోర్డు తనలో పెట్టిన సెట్టింగులన్నీ మరిచిపోయి పాత పద్ధతికి వచ్చేసింది. ఈ సంగతి బాబాయ్‌కి తెలియదు.

టీ తెచ్చిన వదిన అడిగింది. “ఈసారి ఆ మీట నొక్కలేదేం?”

“ఇక అక్కర్లేదు వదినా. దానికి అలవాటైపోయింది.”

అప్పటినుంచి ఎవరి కంప్యూటర్ మొరాయించినా బాబాయ్ మందు ఒకటే: బ్యాటరీ పీకి తుడవడం. కొన్ని నయమయ్యాయి, కొన్ని వాటంతటవే నయమయ్యేవి. అన్నీ ఆయన లెక్కలోకే వచ్చాయి.

ఒకరోజు మేనేజర్ తన కంప్యూటర్ నెమ్మదిగా ఉందన్నాడు. నెమ్మదిగానే అయినా అది శుభ్రంగా నడుస్తున్నదే. బాబాయ్ బ్యాటరీ పీకాడు, తుడిచాడు, పెట్టాడు. ఆన్ చేస్తే నీలం తెర. మళ్లీ తుడిచాడు. మళ్లీ నీలం. ఆఫీసంతా చుట్టూ చేరింది.

“ఏమైందంటారు?” అన్నాడు మేనేజర్.

చెప్పడానికి బాబాయ్ దగ్గర మాటలు చాలానే ఉన్నాయి. దుమ్ము, కరెంటు, వాతావరణం.

“తెలీదండీ,” అన్నాడు.

మేనేజర్ పిలిపించిన కంప్యూటర్ మెకానిక్ అమ్మాయి వచ్చి తెర చూసి అడిగింది.

“బ్యాటరీ ఎవరైనా తీశారా?”

అందరూ బాబాయ్ వైపు చూశారు. ఆయన చెయ్యి ఎత్తాడు. ఆమె సెట్టింగుల్లోకి వెళ్లి ఒక మాట మార్చి, కంప్యూటర్‌ను మళ్లీ లేపింది. అది లేచింది. సంచీ సర్దుకుంటుంటే బాబాయ్ పక్కకు చేరాడు.

“అమ్మా, ఏ మాట మార్చారు?”

ఆమె నవ్వలేదు. మళ్లీ కూర్చుని మొదటినుంచీ చూపించింది. రెండు పద్ధతుల సంగతీ, కొత్తదానితో ఎక్కించిన ఈ కంప్యూటర్ బ్యాటరీ పీకగానే పాతదానికి మారి ఆగిపోయిన సంగతీ చెప్పింది. వదిన డిస్కు ఎందుకు కనపడిందో బాబాయ్‌కి అప్పుడు బోధపడింది. సిగ్గూ వేసింది, సంబరమూ వేసింది. దేనికి ఎక్కువో తేలలేదు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి భార్యకు అంతా చెప్పాడు. ఆమె సాంతం విని, “మరి అక్కయ్యకు చెప్తారా?” అంది.

బాబాయ్ చెప్పు కొసను గుమ్మానికి రాశాడు.

“ఆవిడ మెషిన్ నడుస్తోందిగా,” అన్నాడు.