ఇద్దరికీ ఒకటే గుడ్డ

నేను ఒక బురద దిబ్బను. గోదావరి సముద్రంలో కలిసే చోట ఉంటాను. లంక అనిపించుకునేంత పెద్దరికం నాకు లేదు. సముద్రం వెనక్కి తగ్గి పాటు తీస్తే ఒడ్డున ఉన్న పల్లెకూ నాకూ మధ్య మోకాలి లోతు దారి తేలుతుంది, పోటు ఎక్కితే మునిగిపోతుంది. సర్వే బాబులు వచ్చి ఒకసారి నన్ను నేల అని, ఇంకోసారి సముద్రమని రాసుకుపోయారు. ఎవరు వచ్చిన వేళకు వాళ్లు నిజమే రాశారు.

ఎప్పటిదో పెద్ద వరదలో ఎవరెవరి పొలాల ఒండ్రో కొట్టుకొచ్చి, ఇక్కడ అలసిపోయి ఆగింది. ఆ ఒండ్రే నేను. నన్ను పోగొట్టుకుని ఏ రైతు నెత్తిన చేతులు పెట్టుకున్నాడో తెలియదు. తర్వాత మడచెట్ల విత్తులు తేలుతూ వచ్చి నాటుకున్నాయి. వాటి వేళ్లు నన్ను గట్టిగా పట్టుకున్నాయి. పీతలు బొరియలు తవ్వుకున్నాయి, గుల్లలు పేరుకున్నాయి. ఆ గుల్లలు ఏరి సున్నం బట్టీకి వేయడానికి పల్లె ఆడవాళ్లు రావడం మొదలెట్టాక గుల్లదిబ్బ అని నాకో పేరు కూడా వచ్చింది.

వాళ్లకొక కట్టుబాటు ఉండేది. ఒడ్డున, దారి మొదట్లో ఒక గుంజ పాతారు. నా మీదికి వచ్చే ప్రతి మనిషీ దానికి పాత చీర పేలిక ఒకటి కట్టి రావాలి, తిరిగి వెళ్లేటప్పుడు ఎవరిది వాళ్లు విప్పుకోవాలి. పోటు ఎక్కే వేళకు గుంజకు గుడ్డ మిగిలితే దిబ్బ మీద మనిషి మిగిలినట్టు. పడవ పోలయ్య వచ్చి తీసుకుపోతాడు. గాలైనా వానైనా గుడ్డ కనబడితే పడవ నీళ్లలోకి దిగాల్సిందే.

పోలయ్య భార్య నూకరత్నం. అతని తమ్ముడి భార్య వీరవేణి. తోడికోడళ్లంటే జుట్లు పట్టుకుంటారనుకునే ఊరికి వీళ్లిద్దరూ ఒక వింత. ఒకే కంచంలో తినేవారు, ఒకే బుట్టలో ఏరేవారు. ఒకనాడు వీరవేణి రెండో పేలిక చింపబోతే నూకరత్నం చెయ్యి పట్టుకుంది.

"నువ్వు లేకుండా నేనెల్తానా, నేను లేకుండా నువ్వెల్తావా? మనిద్దరికీ ఒకటి సాల్దేటే?"

అప్పటినుంచి ఇద్దరికీ ఒకటే గుడ్డ. ఊళ్లో అందరూ నవ్వారు గానీ, కాదనాలని ఎవరికీ తోచలేదు. ముచ్చటగా ఉన్నదాన్ని తప్పని ఎవరంటారు?

ఒక పౌర్ణమి రోజు వీరవేణి చంటిపిల్లను ఒళ్లు వెచ్చగా ఉండగా అత్త దగ్గర వదిలి వచ్చింది. గుల్లలు ఏరుతోందన్న మాటే గానీ ప్రాణమంతా ఇంటి దగ్గరే ఉంది. నూకరత్నమే పొమ్మంది. "ఎల్లి పిల్లకి పాలియ్యి. బుట్ట నిండాక నేనొత్తాను."

వీరవేణి పరుగులాంటి నడకతో వెళ్లింది. గుంజ దగ్గర ఆమె చెయ్యి గుడ్డ విప్పడం నేను చూశాను. రోజూ చేసే పనే. ఆ చేతికి అక్క ఇంకా ఇక్కడే ఉందన్న సంగతి గుర్తు రాలేదు.

పోటు మొదలైంది. పౌర్ణమి పోటు, దారినే కాదు నన్నూ ముంచేస్తుంది. నూకరత్నం కంగారు పడలేదు. గుడ్డ ఉంది, మొగుడు వస్తాడు. బుట్ట పక్కన పెట్టుకుని నా నెత్తి మీద కూర్చుని కూనిరాగం కూడా తీసింది. అవతల పోలయ్య పడవ దగ్గరకు వచ్చి గుంజ వైపు చూశాడు. బోసిగా ఉంది. మా ఆడాళ్లు వచ్చేశారు, పిల్ల దగ్గర ఉండుంటారు అనుకుని వెనక్కి తిరిగాడు. నూకరత్నం నిలబడి కేక వేసింది. గాలి ఒడ్డు నుంచి సముద్రం మీదికి వీస్తోంది. నీళ్లు మోకాళ్లు దాటాయి, నడుం దాటాయి. ఇంకొక్క నిలువెత్తు నేను ఉండి ఉంటే చాలు. నేను లేను. నా బతుకులో దానికంటే పెద్ద దుఃఖం నాకు లేదు.

మర్నాడు మడ వేళ్లలో ఆమెను వెతికి తీసింది పోలయ్యే.

వీరవేణి గుల్లలకు మళ్లీ రాలేదు. కానీ రోజూ పాటు తీసే వేళకు గుంజ దగ్గరకు వచ్చి ఒక పేలిక కట్టేది. విప్పేది కాదు. పోటు ఎక్కేవేళకు పోలయ్య పడవను నీళ్లలోకి దింపేవాడు. నా చుట్టూ తిరిగి, భార్యను పేరు పెట్టి పిలిచి, వెనక్కి వెళ్లి ఆ గుడ్డ విప్పి ఆమె చేతికిచ్చేవాడు. ఆమెకు పిచ్చి ముదురుతోంది, నువ్వు దాన్ని పెంచుతున్నావని పెద్దలు పోలయ్యను మందలించారట. అతనన్న మాట పడవల మీద నా దాకా వచ్చింది.

"కట్టుకోనీండి. ఆవేళ గుడ్డ లేక నేనెల్లలేదు. ఇప్పుడుంది, ఎల్తన్నాను."

తర్వాత మడలు వంటచెరకుకు పోయాయి. పట్టుకునే వేళ్లు లేక నేను కరిగాను. మొన్నటి తుఫానుకు నా నెత్తి కూడా పోయింది. ఇప్పుడు ఎంత పాటు తీసినా తేలను. సర్వే బాబులకు పేచీ తీరిపోయింది, సముద్రమనే రాసుకుంటారు.

గుంజ మాత్రం ఒడ్డున ఉంది. తల నెరిసిన వీరవేణి ఇవాళ కూడా వచ్చి గుడ్డ కట్టింది. పోలయ్యకు తెడ్డు బరువైంది, పడవ నెమ్మదిగా వస్తుంది. చుట్టూ తిరగడానికి దిబ్బ లేదు కనక నా మీదుగానే పోతుంది. సరిగ్గా ఆనాడు నూకరత్నం కూర్చున్న చోట తెడ్డు ఆపి, నీళ్లలోకి వంగి పిలుస్తాడు.

"రత్నం, పడవొచ్చిందే. ఎక్కు."