తెడ్డు వేసేవాడికి కనిపించేది

తెడ్డు ఆనే ఇనుప కొక్కెం దగ్గర, తోలుపట్టీ మీద అతను దోసిలితో నీళ్ళు పోశాడు. తడిస్తే తోలు కిర్రుమనదు. రెండో తెడ్డుకీ పోయబోతుంటే రేవు కాపలాదారు లేచి వచ్చాడు.

"ఎవరి పడవనుకున్నావు, పెద్దాయనా?"

"ఎవరిదైతేనేం, తోలు ఎండిపోయింది."

పెళ్ళయిన కొత్తలో పదకొండేళ్ళు ఈ సరస్సు మీద యాత్రికులను తిప్పాడతను. అన్నాళ్ళూ భార్య ఊళ్ళో అత్తనూ గేదెలనూ చూసుకుంది. తర్వాత పొలంలోకి దిగాడు. ముప్ఫై ఏళ్ళు మళ్ళీ ఇటు రాలేదు. రేవు పొడుగునా ఇప్పుడు హోటళ్ళు, మోటారు పడవలు. చేత్తో వేసేవి మూడే మిగిలాయి.

"అరవై దాటినవాళ్ళకి తెడ్లు ఇవ్వం," అన్నాడు కాపలాదారు.

అతను రెండో తెడ్డుకీ నీళ్ళు పోశాడు. వెనక నుంచి భార్య అందుకుంది.

"గడ్డానికి రంగేసుకోవయ్యా అంటే విన్నాడా."

కాపలాదారు నవ్వాడు. తడిసిన తోలు వంక, అతని అరచేతుల వంక చూశాడు. "జలపాతం చూసి వచ్చేయండి. ఆలస్యమైతే మోటారేసుకుని నేనే వస్తా."

తెడ్డు వేసేవాడు వెళ్ళేవైపుకు వీపు పెట్టి కూర్చుంటాడు. కొండ తొలగి జలపాతం బయటపడే ఆ మలుపును అతను ఏనాడూ ఎదురుగా చూస్తూ దాటలేదు. ఎదుటి పలక మీద కూర్చున్నవాళ్ళ ముఖం విప్పారితే మలుపు తిరిగినట్టు లెక్క. వేలమంది పరాయివాళ్ళ ముఖాలు అలా చూశాడు. ఈమెది చూడలేదు. ఏదీ ఓ పట్టాన మెచ్చే మనిషి కాదు. పెళ్ళిచీరనే 'ఫర్వాలేదు' అంది. పొద్దున బస్సెక్కినప్పటి నుంచీ అతనికి లోపల బెరుగ్గానే ఉంది.

సగం దూరం వెళ్ళాక అంది: "ఇందుకా నన్ను మీ అమ్మకి అప్పగించి వచ్చావు? నీళ్ళేగా."

"కాస్త ఓపిక పట్టవే."

"నలభై ఏళ్ళు పట్టాను."

భుజం నొప్పెడుతోంది. రేవులోని గడియారపు స్తంభం పాత గోదాము వెనక్కి పోయేదాకా వేశాడు. మలుపుకి అదీ ఒక గుర్తే. అప్పుడు ఆమె వైపు చూశాడు.

ఆమె కళ్ళు అతని భుజం మీదుగా జలపాతం మీద నిలిచాయి. పొద్దున్నుంచీ ఒళ్ళో బిగించి పట్టుకున్న సంచిని వదిలేసింది. అది పక్కకు ఒరిగినా చూసుకోలేదు. అతని తెడ్డు నీళ్ళకందక గాలిలో ఊగింది. నేర్చుకునే రోజుల్లో తప్ప అలా ఎన్నడూ తప్పలేదు.

"నువ్వూ వెనక్కి తిరిగి చూడవయ్యా," అంది.

"చూస్తూనే ఉన్నాలే," అన్నాడు.

సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయారు. కాపలాదారు పడవ కడగడానికి వంగాడు. ఆమె కూర్చున్న పలక సందులో నల్లటి తలపిన్ను ఒకటి ఇరుక్కుని ఉంది, దానికి చుట్టుకున్న పొడవాటి నెరిసిన వెంట్రుక గాలికి కదులుతోంది.