ఎర్రతలకు ఉన్ని గోచీ

మా ఎర్రతల పొట్టేలు తోక ఎంత బరువంటే, గుట్ట దిగేటప్పుడు తోక ముందొచ్చేది, పొట్టేలు వెనకొచ్చేది. నమ్మకపోతే మానండి. దాని కూతుళ్లు నలభై. మంచులో పక్క మందలు ఎముకల గూళ్లయితే, ఇవి తోకల్లో కొవ్వు మోసుకుంటూ చలికాలం దాటేవి.

మూడేళ్ల కిందట నా భార్య హంద్మాకు జబ్బు చేసినప్పుడు, లామా మంత్రం చదువుతుంటే, తనే దాని మెడకు నీలం పట్టు పీలిక కట్టింది. పీలిక కట్టిన జీవాన్ని అమ్మకూడదు, కొయ్యకూడదు. చచ్చేదాకా మందలోనే ఉండాలి. మామూలుగా కూతుళ్లు ఎదకు రాకముందే పొట్టేలును మార్చేస్తాం. దీన్ని మార్చలేదు. హంద్మా మాత్రం ఆ చలికాలమే పోయింది.

ఈ వసంతంలో నలభై కూతుళ్లూ తొలిసారి ఈనాయి. ఐదు పిల్లలు పాలు తాగలేదు. తల్లులు చేరనివ్వడం లేదనుకుని, పక్కన కూర్చుని "తోయిగ్, తోయిగ్" అని పాడాను. హంద్మా ఆ పాట పాడితే గొర్రె కన్నీళ్లు పెట్టుకుని పిల్లను దగ్గరకు తీసుకునేది. ఒకసారి మా ఒంటె కూడా ఏడ్చింది. నేను మూడు రోజులు పాడాను. తల్లులు కదలకుండా నిలబడే ఉన్నాయి. పొదుగుల నుంచి పాలు నేలకు కారాయి. మూడు పిల్లలు పోయాయి. వాటిని రాళ్ల వెనక పెట్టి వచ్చి, ఉప్పు టీ తాగాను. ఏడుపు రాలేదు.

హంద్మా మేనకోడలు నోమిన్ పశువుల డాక్టరు. మోటారుసైకిలు దిగుతూనే మిగిలిన రెండు పిల్లల్లో ఒకదాని నోట్లో వేలు పెట్టి చూసింది.

"పాట ఆపు మావయ్యా. తప్పు నీ గొంతుది కాదులే, అదెప్పుడూ అంతే. ఈ కింది దవడ చూడు, పొట్టి. చన్ను ఎలా పట్టుకుంటుంది?"

"ఎవరి పోలిక?"

"ఆ పెద్ద తోకలు ఎవరి పోలిక?"

"ఎర్రతలది."

"ఇదీ దానిదే. ఈ లోపం దానికి తల్లిదండ్రుల్లో ఒక పక్క నుంచే వచ్చింది, అందుకే పైకి కనబడలేదు. సగం కూతుళ్లకు ఇచ్చింది. మళ్లీ ఆ కూతుళ్లతోనే కలిసింది. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు పక్కలా అందిన పిల్ల ఇలా పుడుతుంది. ఎనిమిదింటికి ఒకటి. నలభైకి ఐదు."

"లెక్క బాగానే కుదిరింది."

"ఆ పొట్టేలును తీసెయ్యి. లేకపోతే వచ్చే ఏడూ ఇంతే" అంటూ తలెత్తి పీలికను చూసింది. "అత్త కట్టిందా?"

"ఊఁ. అమ్మను. కొయ్యను."

నోమిన్ పిల్లను కింద దించింది. "అయితే వేసవిలో కట్టే ఉన్ని గోచీ ఉందిగా, అది విప్పకు."

పిల్లలు నడి చలిలో పుట్టకుండా, పొట్టేళ్లు గొర్రెలతో కలవకుండా వాటి పొట్ట కింద ఉన్ని గుడ్డ కడతాం. శరదృతువు చివర విప్పుతాం.

"బతికినన్నాళ్లూనా?"

"నువ్వుండటం లేదా మావయ్యా?"

నవ్వాల్సిన మాటే. నవ్వు రాలేదు. సాయంత్రానికి ఆ రెండు పిల్లలూ పోయాయి.

పాత గోచీ చివికిపోయింది. హంద్మా మంచం కింద పరిచిన ఉన్ని ముక్క కోసి కొత్తది కుట్టాను.

గోచీలు విప్పే రోజు వచ్చింది. ఎర్రతల కూతుళ్లకు పక్క లోయ నుంచి పొట్టేలును తెచ్చాను. ఎర్రతల గుడారం గుమ్మం దగ్గరకొచ్చి, గోచీ ముడి ఉన్న పక్కను నా వైపు తిప్పి నిలబడింది.

నేను టీ తాగాను. చల్లారిపోయింది. అది ఇంకా నిలబడే ఉంది.