అడగకుండా నింపిన కాగితం

నాకు కుదురు లేదని మా అక్క చిన్నప్పటి నుంచీ అంటుంది. నిజమే. ఆస్పత్రి ల్యాబ్‌లో పదహారేళ్ళుగా పనిచేస్తున్నా, మిషను తిరిగే నాలుగు నిమిషాలు కూడా కుర్చీలో కూర్చోలేను. ఆ రోజు మాత్రం దాని ముందు కదలకుండా నిలబడ్డాను. లోపల తిరుగుతున్నది మా బావ రక్తం.

బావ కారు నడపడం నేర్పుతాడు. పొద్దున ఎనిమిదిన్నరకు పాఠం మధ్యలో మాట ముద్దగా వచ్చి, కుడివైపుకు ఒరిగిపోయాడట. నేర్చుకుంటున్న ఆవిడకు అది మూడో రోజే అయినా, కారును తిన్నగా మా ఆస్పత్రికే తెచ్చింది. తొమ్మిదిన్నరకల్లా స్కాన్ అయింది. మెదడులో ఎడమవైపు రక్తనాళం చిట్లింది.

"ఆపరేషన్ చేసి రక్తపు గడ్డ తీయొచ్చు. బతుకుతాడని మాటివ్వలేను. చేయకపోతే అవకాశం ఇంకా తక్కువ. ఎంత ముందు చెప్తే అంత మంచిది," అన్నాడు సర్జన్.

అక్క ఆయన చెప్పిందంతా విని నా మొహం చూసింది. మా ఇంట్లో ఎవరి రిపోర్టు వచ్చినా ముందు నా మొహమే చూస్తారు. నిజం చెప్పొద్దూ, అది నాకు గర్వంగానే ఉండేది.

మా దగ్గర ఒక పరిశోధన నడుస్తోంది. దాన్ని నడిపే ఆయన్ని అందరం లెక్కల డాక్టరంటాం. మెదడులో రక్తస్రావమై వచ్చినవాళ్ళ రక్తం మొదటి గంటల్లోనే తీసి, తెల్లకణాల్లో రెండు రకాల నిష్పత్తి, చక్కెర, ఇంకో రెండు అంకెలు కలిపి ఒక మార్కు వేస్తాం. నెల తర్వాత మనిషి ఉన్నాడా లేడా అని ఫోన్ చేసి కనుక్కుంటాం. ఆ మార్కు ఇంకా పరీక్షలోనే ఉంది. వైద్యం చేసే డాక్టర్లకే చెప్పకూడదు, ఇంటివాళ్ళకైతే అసలు చెప్పకూడదు. "ఇది మనం నేర్చుకోవడానికి, వాళ్ళకు జాతకాలు చెప్పడానికి కాదు," అని లెక్కల డాక్టరు వారానికోసారైనా సణుగుతాడు. కానీ రెండు వందల పైచిలుకు మందికి ఆ మార్కు వేసినదాన్ని నేను. మార్కు ఇరవై దాటినవాళ్ళ ఇంటికి నెల తర్వాత ఫోన్ చేస్తే అవతలివాళ్ళు ఏం చెప్తారో నాకు ముందే తెలుసు.

బావకు ఇరవై ఆరు వచ్చింది.

లెక్క తప్పిందేమోనని మళ్ళీ వేశాను. అదే ఇరవై ఆరు. ల్యాబ్‌కీ వార్డుకీ మధ్య కాలుగాలిన పిల్లిలా నాలుగుసార్లు తిరిగి, ఐదోసారి అక్కను మెట్ల దగ్గరకు పిలిచాను.

"అక్కా, ఆపరేషన్ వద్దులే. ఆయన తలకు కోతలు పెట్టించొద్దు."

"అంటే?"

"చేయించినా దక్కడు."

"తెలుసా, అనుకుంటున్నావా?"

"తెలుసు."

అక్క కొంగుతో మొహం తుడుచుకుని సర్జన్ దగ్గరకు వెళ్ళి, ఆపరేషన్ వద్దని తన నోటితోనే చెప్పింది. అప్పుడు పదిన్నర అయింది.

ఆ తర్వాత ఇద్దరం వార్డు బయట బల్ల మీద కూర్చున్నాం. నేను లేచి, కూర్చుని, మళ్ళీ లేచాను. ఏడుపు రాకపోగా బావ మీద కోపం వచ్చింది. నన్ను చూస్తే చాలు, "రక్తం తాగే మరదలొచ్చింది, చేతులు దాచుకోండి," అనేవాడు. పదహారేళ్ళుగా అదే జోకు. నేను నవ్వేదాకా వదిలేవాడు కాదు.

పన్నెండున్నర దాటాక అక్క తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు మొదలుపెట్టింది.

"పది రోజులు ఒకటే దగ్గు. నీకు చెప్తే సూది పట్టుకుని వస్తావని చెప్పనివ్వలేదు. మందుల షాపతను ఏవో చిన్న తెల్ల బిళ్ళలిచ్చాడు. రెండు రోజుల్లో దగ్గు పోయింది గానీ ఆకలి పెరిగింది. నిన్న నా కంచంలోది కూడా లాక్కుని తిన్నాడు."

"ఏం బిళ్ళలు?"

"ఏమో. చొక్కా జేబులోనే ఉండాలి."

నర్సు ఇచ్చిన సంచీలోంచి చొక్కా లాగి జేబు తడిమాను. సగం ఖాళీ అయిన బిళ్ళల పట్టీ దొరికింది. స్టెరాయిడ్.

అది మింగినవాడి రక్తంలో ఒకరకం తెల్లకణాలు పెరుగుతాయి, ఇంకోరకం తగ్గుతాయి, చక్కెర ఎగబాకుతుంది. మా మార్కుకు అది చావుకు దగ్గరపడ్డవాడి రక్తంలాగే కనిపిస్తుంది. అందుకే మా కాగితంలో మందుల గడి ఉంది. స్టెరాయిడ్ వాడేవాళ్ళను లెక్కలోకి తీసుకోకూడదు. పరాయివాళ్ళనైతే ఆ గడి దగ్గర ఆగి, దగ్గుకు వాడారా, ఒళ్ళునొప్పులకు వాడారా అని మార్చి మార్చి విసిగించి అడుగుతాను. బావ కాగితంలో మాత్రం ఎవరినీ అడగకుండా "ఏమీ లేవు" అని నేనే రాసేశాను. మా బావ సంగతి నాకు తెలియదా అనుకున్నాను.

"అక్కా, నేను చెప్పింది తప్పు. ఆపరేషన్ చేయించు."

"అయితే బతుకుతాడా?"

"తెలీదు."

"పొద్దున తెలుసన్నావుగా."

అక్క నన్ను తోసుకుంటూ సర్జన్ గదిలోకి వెళ్ళింది. మళ్ళీ స్కాన్ తీస్తే గడ్డ పెరిగి ఉంది. అక్క సంతకం పెట్టేటప్పటికి ఒంటిగంటన్నర.

లెక్కల డాక్టరుకు అంతా చెప్పాను. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. పొరపాట్లకు నింపే కాగితంలో జరిగింది జరిగినట్టు రాసి ఇవ్వమన్నాడు, రాసిచ్చాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ కాగితంలో ఏ గడీ వదలకుండా నింపాను.

బావ బతికాడు. ఆరో రోజు కళ్ళు తెరిచి మనుషులను గుర్తుపట్టాడు. మాట నత్తిగా వస్తోంది. కుడి చెయ్యి మాత్రం కదలడం లేదు. మూడు గంటలు ముందు చేసి ఉంటే చెయ్యి దక్కేదా అని సర్జన్‌ను అడిగాను. "దక్కేదేమో. ఎవరూ చెప్పలేరు," అన్నాడు.

తొమ్మిదో రోజు నేను వెళ్ళేసరికి అక్క ఆయనకు జావ పడుతోంది. బావ నన్ను చూసి ఎడమ చెయ్యి దుప్పటి కిందకు లాక్కున్నాడు. జోకు చెప్పే ఓపిక లేక చేసి చూపించాడు. నాకు నవ్వు రాలేదు.

బావ ఒక్కొక్క మాటే కూడదీసుకుంటూ అక్కను అడిగాడు. "పొద్దున్నే... తెచ్చారుగా. ఆపరేషన్... మధ్యాహ్నం దాకా... ఎందుకు?"

"థియేటర్ ఖాళీ లేదన్నారు," అంది అక్క, చెంచా ఆపకుండా.

అక్క అబద్ధమాడటం నేనెప్పుడూ వినలేదు. నన్ను కాపాడటానికే అంది అనుకున్నాను. అది భరించలేకపోయాను.

"ఖాళీగానే ఉంది బావా," అన్నాను. "నేనే వద్దన్నాను. నువ్వు దక్కవని అక్కకు చెప్పాను."

బావ నా వంక చూడలేదు. మెల్లగా తల తిప్పి అక్కను చూశాడు.

"నువ్వు... సరేనన్నావా?"

అక్క చెంచా గిన్నెలో పెట్టింది. నా వైపు వంగి, నాకు మాత్రమే వినబడేంత గొంతుతో అంది.

"ఆయనకు చెప్పేముందు నన్నో మాట అడగాల్సింది."